ఆయనకు లేదంట, మరి నాకెలా వచ్చింది?

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. నేను 1998లో పుట్టాను. పెళ్లయి రెండేళ్లయింది. ఇప్పుడు ఐదో నెల. మాది గుంటూరు జిల్లాలో ఒక పల్లెటూరు. గర్భిణులకు చేసే రక్తపరీక్షల్లో నాకు హెపటైటిస్ బి పాజిటివ్ వచ్చింది. మా ఆయనకు చేయిస్తే నెగెటివ్ వచ్చింది. పరీక్ష చేసిన చోట ఒకావిడ ‘ఇది మొగుడూ పెళ్లాల మధ్య అంటుకునే జబ్బు, ఎయిడ్స్ లాంటిదే’ అంది. ఆ మాట మా అత్తగారు విన్నారు. ‘మావాడికి లేనిది నీకెక్కణ్ణుంచి వచ్చింది’ అంటున్నారు. నా కంచం, గ్లాసు వేరు చేశారు. మా ఆయన ఏమీ అనరు గానీ హాల్లో పడుకుంటున్నారు. దేవుడి మీద ప్రమాణం చేసి చెబుతున్నాను, నేను ఏ తప్పూ చేయలేదు. ఆయనకు లేకుండా నాకెలా వచ్చింది? బిడ్డకు వస్తుందా? మేము మళ్లీ మామూలుగా ఉండొచ్చా? ఏడో నెలలో సీమంతం అనుకున్నారు, ఇప్పుడు వద్దంటున్నారు. నేను ముత్తయిదువులకు పసుపు కుంకుమలు ఇస్తే వాళ్లకు అంటుకుంటుందా? నా పేరు వేయకండి.

జవాబు:

అమ్మా, ముందు ఆ ప్రమాణం సంగతి. నాకు ప్రమాణాలు అక్కర్లేదు. మీ అత్తగారి ముందు కూడా చేయకండి. మీకు కావలసిన సాక్ష్యం మీ ఉత్తరం మొదట్లోనే ఉంది. అది మీరు పుట్టిన సంవత్సరం.

హెపటైటిస్ బి కాలేయంలో చేరే వైరస్. మనిషికి అది ఏ వయసులో సోకిందన్న దాన్ని బట్టే తర్వాతి కథంతా నడుస్తుంది. పెద్దవాళ్లకు సోకితే కొందరికి కామెర్లు వస్తాయి. చాలామందికి అవి కూడా రావు, నాలుగు రోజులు నీరసంగా ఉండి తగ్గిపోతుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లలో నూటికి 95 మంది దాకా ఆరు నెలల్లోపు దాన్ని ఒంట్లోంచి వెళ్లగొట్టేస్తారు. పుట్టేటప్పుడు తల్లి నుంచి సోకిన పసిబిడ్డల్లో ఈ లెక్క తలకిందులవుతుంది. వాళ్లలో నూటికి 90 మంది ఒంట్లో అది అలాగే ఉండిపోతుంది. పసిబిడ్డ శరీరానికి ఇంకా తనా పరా తెలియదు కదా, వైరస్‌ను ఇంటి మనిషే అనుకుని ఊరుకుంటుంది. అలా చేరింది ఇరవై ముప్పై ఏళ్లు చప్పుడు చేయకుండా ఉంటుంది. ఆ పిల్ల ఆడుకుంటుంది, చదువుకుంటుంది, పెళ్లి చేసుకుని అత్తారింటికి వెళుతుంది. మొదటి కాన్పుకు రక్తం తీసిన రోజున అది బయటపడుతుంది. అందరూ ఆ రోజే అది వచ్చిందనుకుంటారు.

మన దేశంలో ఈ వైరస్ ఎక్కువగా చిన్నతనంలోనే అంటుకుంటుంది. తల్లి నుంచి కాన్పు సమయంలో రావచ్చు. లేదా నాలుగైదేళ్ల లోపు ఇంట్లోనో చుట్టుపక్కలో మరొకరి రక్తం తగలడం వల్ల రావచ్చు. మీ చిన్నప్పుడు పల్లెల్లో ఇంజెక్షన్లు ఎలా వేసేవారో మీ అమ్మగారిని అడగండి. గాజు సిరంజి, ఒకటే సూది, వేణ్ణీళ్లలో ముంచి తీసి తర్వాతి మనిషికి. చెవులు కుట్టిన సూది, ముక్కు కుట్టిన సూది, జాతరలో పచ్చబొట్టు పొడిచిన సూది, ఇవన్నీ దానికి దారులే. రక్తపు మరక బయట ఎండిపోయినా అందులో ఈ వైరస్ కనీసం ఏడు రోజులు బతికి ఉంటుంది. చూడ్డానికి రక్తం కనిపించాలని కూడా లేదు.

దీనికి టీకా లేదా అంటే ఉంది. మీరు పుట్టేనాటికే మన దగ్గరే తయారవుతోంది. హైదరాబాద్‌లో వరప్రసాద్ రెడ్డి గారు స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ 1997లో దేశంలోనే మొదటి స్వదేశీ రీకాంబినెంట్ (జన్యు సాంకేతికతతో తయారుచేసిన) హెపటైటిస్ బి టీకాను తెచ్చింది. అంతకుముందు విదేశాల నుంచి వచ్చే టీకా ధర మామూలు సంసారులు కొనగలిగేది కాదు. ధర దిగింది, కానీ డబ్బు పెట్టి వేయించుకునేవాళ్లకే అది అందింది. దేశమంతటా ప్రతి బిడ్డకూ ప్రభుత్వం ఉచితంగా వేయడం 2011కు గానీ కుదరలేదు. 1998లో పల్లెటూళ్లో పుట్టిన ఆడపిల్లకు పుట్టిన రోజునే ఈ టీకా పడి ఉంటుందని నేను అనుకోను. మీరు రెండు కాలాల మధ్య పడ్డారు, అంతే.

ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా చెప్పాలి. మీకు ఇది చిన్నప్పుడే వచ్చిందని నేను కాగితం మీద రాసి సంతకం పెట్టలేను. మీవారి నుంచి రాలేదనీ సంతకం పెట్టలేను. ఏ డాక్టరూ పెట్టలేడు. మీ చేతిలో ఉన్న రిపోర్టు ‘ఈ రోజు ఈ రక్తంలో వైరస్ ఉంది’ అన్న ఒక్క మాటే చెబుతుంది. ఎప్పుడు వచ్చింది, ఎవరిచ్చారు అన్న గడులు ఆ కాగితంలో లేవు. లేని గడులను మీ ఇంట్లో నోటితో పూరిస్తున్నారు.

కొత్తదా పాతదా అని కొంతవరకు చూడవచ్చు. ‘యాంటీ హెచ్‌బిసి ఐజీఎం’ అనే పరీక్ష ఉంది. ఇటీవల, అంటే సుమారు ఆరు నెలల్లోపు సోకితే అది సాధారణంగా పాజిటివ్ వస్తుంది. నెగెటివ్ వస్తే పాతదే అనుకోవాలి. కానీ పాతదంటే ఎంత పాతది? ఏడాదా, పాతికేళ్లా? అది చెప్పదు. మీకు పెళ్లయి రెండేళ్లు కాబట్టి, ఈ పరీక్షతో పెళ్లికి ముందా తర్వాతా అని తేల్చడం కుదరదు. అయినా డాక్టర్ గారు రాస్తే చేయించండి. మీ కాలేయం సంగతి తెలుసుకోవడానికి అది పనికొస్తుంది. తగువు తీర్చడానికి మాత్రం చేయించకండి.

మీ అమ్మగారికి, తోబుట్టువులకు కూడా పరీక్ష చేయించాలి. అమ్మగారికి పాజిటివ్ వస్తే మీకు ఎక్కడి నుంచి వచ్చిందో దాదాపు తేలినట్టే. నెగెటివ్ వస్తే ఏమీ తేలదు, మీరు తప్పు చేసినట్టు అసలే కాదు. చిన్నప్పుడు వేరే దారిలో వచ్చి ఉండవచ్చు, మీ అమ్మగారికి అప్పుడు ఉండి తర్వాత పోయి ఉండవచ్చు. ఒకవేళ పాజిటివ్ వస్తే నింద మీ మీద నుంచి ఆవిడ మీదకు జరపకండి. ‘నీ వల్లే’ అన్న మాట నోట్లోంచి వస్తే వెనక్కి రాదు. ఆవిడకూ వాళ్లమ్మ నుంచే వచ్చి ఉంటుంది, ఆవిడ కాన్పులప్పుడు ఈ పరీక్ష చేసినవాళ్లెవరు?

ఇక మీవారి నెగెటివ్ సంగతి. మీ ఇంట్లో గొడవంతా దీని చుట్టూనే తిరుగుతోంది కాబట్టి నిదానంగా చెబుతాను.

ఆయనకు చేసింది హెచ్‌బిఎస్‌ఏజి పరీక్ష ఒక్కటే అయి ఉంటుంది. అది వైరస్ ఒంట్లో ఇప్పుడు ఉందా లేదా అన్నది చెబుతుంది. గతంలో వచ్చి పోయిందా అన్నది చెప్పదు. పెద్దవాళ్లలో నూటికి 95 మందికి పోతుందని పైన చెప్పాను కదా. అంటే ఈయనకు ఎప్పుడో సోకి, తెలియకుండానే పోయి ఉండవచ్చు. మీ నుంచి వచ్చి పోయి ఉండవచ్చు, పెళ్లికి ముందు వచ్చి పోయి ఉండవచ్చు. లేదా ఎప్పుడూ సోకకుండానే ఉండి ఉండవచ్చు. మీ రక్తంలో వైరస్ తక్కువగా ఉంటే రెండేళ్ల కాపురంలోనూ అంటుకోకపోవడం వింతేమీ కాదు. చదువుకునే రోజుల్లో ఏదైనా క్యాంపులో ఈ టీకా వేయించుకుని మరిచిపోయి ఉండవచ్చు కూడా.

ఇవి తేలాలంటే ఇంకో రెండు పరీక్షలు కావాలి. ఒకటి యాంటీ హెచ్‌బిసి టోటల్. ఇది పాజిటివ్ అయితే ఆ మనిషికి ఎప్పుడో ఒకప్పుడు వైరస్ సోకిందన్న మాట. రెండోది యాంటీ హెచ్‌బిఎస్. ఇది రక్షణ ఉందా లేదా అన్నది చెబుతుంది. రెండూ పాజిటివ్ వస్తే ఆయనకు వచ్చి పోయింది, ఇక మీ నుంచి రాదు. రెండోది మాత్రమే పాజిటివ్ వస్తే టీకా వల్ల వచ్చిన రక్షణ. ముందు చేసిన పరీక్షతో కలిపి మూడూ నెగెటివ్ అయితే ఆయనకు ఇంతవరకు సోకలేదు, రక్షణా లేదు. ఆ రోజే మొదటి డోసు టీకా వేయించుకోవాలి. నెల తర్వాత రెండోది, మొదటి డోసు నుంచి ఆరు నెలలకు మూడోది. మూడోది పడ్డాక ఒకటి రెండు నెలలకు యాంటీ హెచ్‌బిఎస్ మళ్లీ చూస్తారు. మిల్లీలీటరుకు 10 మిల్లీ యూనిట్లు, ఆపైన ఉంటే రక్షణ వచ్చినట్టు. కొద్దిమందికి మొదటిసారి రాదు, వాళ్లకు ఇంకో విడత వేస్తారు.

ఇది సోకిన తర్వాత హెచ్‌బిఎస్‌ఏజి రక్తంలో కనబడటానికి కొన్ని వారాలు పడుతుంది. కాబట్టి డాక్టర్ గారు మళ్లీ పరీక్ష చేయించమంటే అనుమానంతో అడుగుతున్నారనుకోకూడదు. అది పద్ధతే.

ఈ పేరా మీవారికి చూపించండి. బాబూ, మీరు ఏమీ అనడం లేదని మీ ఆవిడ రాసింది, మంచిదే. కానీ హాల్లో చాప పరిస్తే అన్నట్టే కదా. ఆ ఇంట్లో మీ మౌనాన్ని అందరూ ఒకే రకంగా చదువుకుంటున్నారు. ఈ వైరస్ పక్కన పడుకుంటే రాదు. మీకు కావలసింది మూడు డోసుల టీకా, రెండు రక్తపరీక్షలు. ఆవిడకు కావలసింది వచ్చే నెల చెకప్‌కు మీరు పక్కన ఉండటం. మీ అమ్మగారికి చెప్పాల్సిన మాట కూడా మీరే చెప్పాలి. కోడలు చెబితే అది ఎదురు మాట్లాడటం అవుతుంది, కొడుకు చెబితే డాక్టరు మాట అవుతుంది.

మీ అత్తగారి గురించి నాకు కోపం రాలేదంటే అబద్ధం. కానీ ఆవిడ విన్న మాటలో సగం నిజం ఉంది, సగం నిజంతోనే చిక్కు. ఇది భార్యాభర్తల మధ్య అంటుకునే జబ్బే. వీర్యంలో, స్త్రీ జననాంగ స్రావాల్లో, రక్తంలో వైరస్ ఉంటుంది. హెచ్‌ఐవీ కంటే ఇది ఎన్నో రెట్లు తేలిగ్గా అంటుకుంటుంది. అయితే భార్యాభర్తల మధ్య అంటుకోగలదు అన్న మాటను, భార్యాభర్తల మధ్యే అంటుకుంటుంది అని ఆవిడ విన్నారు. కుటుంబంలో ఒకరికి ఉంటే ఇంట్లో అందరికీ పరీక్ష చేసి, లేనివాళ్లకు టీకా వేయడం పద్ధతి. అందరిలో మీ అత్తగారూ వస్తారు. ఆవిడా టీకా లేని కాలంలో పుట్టినవారే. సూదులూ, కాన్పులూ చూసినవారే. ఆవిడకు పాజిటివ్ వచ్చినా రావచ్చు. వస్తే దాన్ని ఎవరూ ఆవిడ నడతతో ముడిపెట్టరని నాకు నమ్మకం. మీ విషయంలోనూ అదే కొలత వాడమని చెప్పండి.

‘ఎయిడ్స్ లాంటిదే’ అన్న మాటకు వద్దాం, ఎందుకంటే హెచ్‌ఐవీ ఉన్న దంపతులు కూడా ఈ శీర్షిక చదువుతారు. ఒకరికి ఉండి ఇంకొకరికి లేకపోవడం హెచ్‌ఐవీలోనూ ఉంటుంది, అది అరుదు కూడా కాదు. ఒక్కసారి కలయికలో అంటుకునే అవకాశం జనం అనుకునే దానికంటే చాలా తక్కువ. అయితే ఏళ్ల తరబడి కాపురంలో ఆ చిన్న చిన్న అవకాశాలు పోగుపడతాయి. దాన్ని మార్చింది మందులు. ఐరోపాలో ఒకరికి హెచ్‌ఐవీ ఉండి, మరొకరికి లేని 888 జంటలను గమనించి 2016లో ఫలితాలు ప్రకటించారు. ఉన్నవాళ్లు రోజూ మందులు వేసుకుంటూ రక్తంలో వైరస్‌ను అణచి ఉంచారు. కండోమ్ లేకుండా సుమారు 58 వేల కలయికలు జరిగినా ఒక్కరికి కూడా భాగస్వామి నుంచి అంటుకోలేదు.

ఆ అధ్యయనంలో ఒక మెలిక ఉంది. మీకు అది నచ్చుతుంది. ఆ కాలంలో హెచ్‌ఐవీ లేనివాళ్లలో 11 మందికి కొత్తగా వచ్చింది. మన ఊళ్లో అయితే ఇక చెప్పేదేముంది, ఇంట్లో ఉన్నవాళ్ల నుంచే వచ్చిందనేవారు. పరిశోధకులు అలా ఊహించుకోకుండా ఇద్దరి వైరస్‌ల జన్యువులనూ పోల్చి చూశారు. 11 మందిలో ఒక్కరిదీ భాగస్వామి వైరస్‌తో కలవలేదు. ఇంట్లోనే వైరస్ ఉన్న మనిషి ఉండగా కూడా ఎవరి నుంచి వచ్చిందో చెప్పడానికి జన్యువులు పోల్చాల్సి వచ్చిందంటే, ఊళ్లో ల్యాబు ఇచ్చిన పాజిటివ్, నెగెటివ్ చీటీలు రెండు పక్కపక్కన పెట్టి తీర్పు ఎలా చెబుతారు?

మిగతా వైరస్‌లూ ఇలాంటి కాపురాల్లో ఇలాంటి చిచ్చే పెడతాయి. నలభై దాటిన ఆవిడకు గర్భాశయ ముఖద్వారం పరీక్షలో హెచ్‌పీవీ అనే వైరస్ ఉందని వస్తుంది. ఆ రాత్రి భర్త ఫోను వెతుకుతుంది. హెచ్‌పీవీ కాపురం చేసే ఆడా మగా అందరిలో ఎక్కువమందికి ఎప్పుడో ఒకప్పుడు సోకుతుంది, చాలామందిలో రెండేళ్లలోపు దానంతటదే కనబడకుండా పోతుంది. కొందరిలో ఏళ్లు అణగి ఉండి మళ్లీ తేలుతుంది. నిన్నటిదో, పెళ్లయిన కొత్తల్లోదో రిపోర్టు చెప్పదు. ఆవిడ చేయాల్సింది డాక్టరు చెప్పిన తర్వాతి పరీక్షకు వెళ్లడం. పుళ్లు తెప్పించే హెర్పిస్ వైరస్ కూడా అంతే. అది నరాల మొదళ్లలో దాక్కుంటుంది. పుండు లేని రోజుల్లోనూ చర్మం మీదికి కొద్దికొద్దిగా వస్తూ పోతూ ఉంటుంది. కాబట్టి ఇచ్చినవాళ్లకు తాము ఇస్తున్నామనే తెలియదు. తరచూ వచ్చేవాళ్లు రోజూ మాత్ర వాడితే ఎదుటివారికి అంటుకోవడం సగానికి తగ్గుతుంది. హెపటైటిస్ సి మాత్రం భార్యాభర్తల మధ్య అరుదుగానే పాకుతుంది. దానికి టీకా లేదు గానీ చాలామందికి మూడు నెలల మాత్రలతో పూర్తిగా నయమవుతుంది. పేర్లు దగ్గరగా ఉంటాయని దాన్నీ మీ జబ్బునూ కలిపేయకండి. మీది బి.

ఇప్పుడు అసలు విషయం, బిడ్డ. ఇంట్లో కంచాల గురించి తగువులాడే తీరికలో దీన్ని మరిచిపోతారేమోనని నా భయం.

ఏమీ చేయకుండా వదిలేస్తే, వైరస్ బాగా ఎక్కువగా ఉన్న తల్లుల బిడ్డల్లో పదిమందిలో ఏడుగురి నుంచి తొమ్మిదిమందికి అంటుకుంటుంది. అది ఎక్కువగా కాన్పు సమయంలోనే జరుగుతుంది. అందుకే ఆపడానికి మనకు మంచి అవకాశం ఉంది. బిడ్డ పుట్టిన 24 గంటల్లోపు హెపటైటిస్ బి టీకా మొదటి డోసు పడాలి. దాంతోపాటు 12 గంటల్లోపు హెచ్‌బీఐజీ అనే ఇమ్యునోగ్లోబ్యులిన్ ఇంజెక్షన్ ఇంకో తొడకు వేయాలి. టీకా బిడ్డకు రక్షణ తయారు చేసుకోవడం నేర్పుతుంది, అందుకు సమయం పడుతుంది. ఈ ఇంజెక్షన్ తయారుగా ఉన్న రక్షణను ఆ పూటకు అప్పుగా ఇస్తుంది. తర్వాత 6, 10, 14 వారాలకు అందరు పిల్లలకూ వేసే పెంటావాలెంట్ టీకాలోనే మిగతా డోసులు ఉంటాయి. ఇవన్నీ సకాలంలో పడితే ఎక్కువమంది బిడ్డలు క్షేమంగా ఉంటారు. 9 నుంచి 12 నెలల మధ్య బిడ్డకు రక్తపరీక్ష చేసి చూసుకోవాలి.

హెచ్‌బీఐజీ అన్ని ఆసుపత్రుల్లోనూ ఫ్రిజ్‌లో తయారుగా ఉండదు. ఇది అనుభవం మీద చెబుతున్నాను. ఒకసారి అర్ధరాత్రి కాన్పు అయిన బిడ్డకు ఆ ఇంజెక్షన్ కోసం తండ్రి తెల్లవారేదాకా రెండు ఊళ్లు తిరిగాడు. కాన్పు ఎక్కడో ఎనిమిదో నెలలోనే ఖాయం చేసుకుని, అక్కడ అది ఉంటుందా అని అడగండి. లేదంటే ముందే తెప్పించి చల్లగా ఉంచే ఏర్పాటు చేయమనండి. మీ కేసు షీటు మీద హెపటైటిస్ బి పాజిటివ్ అని స్పష్టంగా రాయించండి. నలుగురికీ తెలుస్తుందని సిగ్గుపడి దాచితే నష్టపోయేది బిడ్డ.

కాన్పుకు ముందే మీకు చేయాల్సినవి కూడా ఉన్నాయి. కాలేయం పనితీరు పరీక్ష, హెచ్‌బిఇఏజి (వైరస్ ఎంత చురుగ్గా ఉందో చెప్పేది), వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంత ఉందో చెప్పేది). రక్తంలో వైరస్ మిల్లీలీటరుకు 2 లక్షల యూనిట్లు దాటితే, 28 వారాల నుంచి టెనోఫోవిర్ మాత్రలు మొదలుపెడతారు. కాన్పు నాటికి వైరస్‌ను తగ్గించడానికి అవి. గర్భిణులకు ఎన్నో ఏళ్లుగా వాడుతున్న మందే. ఈ పరీక్షలూ మందులూ జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ఉచితంగా ఇస్తారు. 2018 జూలై 28న మొదలైన కార్యక్రమం ఇది. ఆ తేదీ ఈ వైరస్‌ను కనిపెట్టి 1976లో నోబెల్ అందుకున్న బ్లంబర్గ్ పుట్టినరోజు. మీ ఆశా కార్యకర్తనో ఏఎన్‌ఎం‌నో అడిగితే మీ జిల్లాలో ఎక్కడికి వెళ్లాలో చెబుతారు. మాత్రలు మొదలయ్యాక మీ అంతట మీరు ఆపకండి. ఆపేటప్పుడు కాలేయం ఒక్కసారిగా వాచే ప్రమాదం ఉంది, అది డాక్టర్ గారి కళ్ల ముందే జరగాలి.

ఈ జబ్బు ఒక్కదాని కోసం ఆపరేషన్ కాన్పు అక్కర్లేదు. పుట్టగానే బిడ్డకు ఇంజెక్షన్లు పడ్డాక నిశ్చింతగా పాలివ్వండి. చనుమొనలు పగిలి రక్తం వస్తుంటే అవి మానేదాకా డాక్టరును అడిగి జాగ్రత్త పడండి.

మీరిద్దరూ మామూలుగా ఉండొచ్చా అని అడిగారు. ఉండొచ్చు. ఆయనకు రక్షణ ఉందని రిపోర్టు వచ్చిన రోజు నుంచి ఈ వైరస్ కోసం ప్రత్యేకించి ఏ అడ్డూ అక్కర్లేదు. ఆ లోపల కండోమ్ వాడండి. గర్భిణి కదా కండోమ్ ఎందుకని చాలామంది నవ్వుతారు. అది ఇక్కడ పిల్లలు పుట్టకుండా ఉండటానికి కాదు కాబట్టి నవ్వే పని లేదు. ముద్దులకు, కౌగిలింతలకు అడ్డు లేదు.

కంచం, గ్లాసు విషయంలో ఒక్క ముక్క: కలిపేయండి. ఒకే గిన్నెలో తింటే, ఒకే గ్లాసుతో నీళ్లు తాగితే, దగ్గితే, తుమ్మితే, ఒకే బాత్రూం వాడితే ఇది రాదు. మీరు వండితే రాదు. వేరు పెట్టాల్సినవి వేరే ఉన్నాయి, వాటి గురించి మీ ఇంట్లో ఎవరూ ఆలోచించి ఉండరు. రేజరు, టూత్ బ్రష్, గోళ్లు తీసుకునే కట్టరు, షుగరు చూసుకునే సూది. మామగారు, మీవారు ఒకే బ్లేడు వాడుతుంటే అది కూడా మానిపించండి. మంగలి షాపులో కొత్త బ్లేడు వేయించుకోమనండి. మీకు దెబ్బ తగిలి రక్తం కారితే కట్టు కట్టి, నేలమీది మరకను బ్లీచింగ్ నీళ్లతో తుడవండి. అంతకు మించి ఇంట్లో గీతలు గీయక్కర్లేదు.

కాలేయం అన్న మాట వినగానే ఎవరో ఒకరు పసరు మందు చెబుతారు. కామెర్లకు చేతి మీద వాత పెట్టేవాళ్లూ ఇంకా ఉన్నారు. కడుపుతో ఉన్న మీకు ఆ రెండూ వద్దు. ఏ ఆకు పసరో తెలియని మందు, ఇప్పటికే వైరస్ ఉన్న కాలేయానికి ఇంకో బరువు. వాత పెట్టిన కడ్డీని ఇంతకుముందు ఎవరికి వాడారో మీకు తెలుసా? కాన్పు తర్వాత ఆరు నెలలకోసారి పరీక్షలు చేయించుకోవడం జీవితాంతం అలవాటు చేసుకోండి. కొందరిలో ఏళ్ల తర్వాత కాలేయం గట్టిపడటం, క్యాన్సర్ రావడం ఉంటుంది. చూసుకుంటూ ఉంటే మందు వేయాల్సిన సమయం తెలుస్తుంది.

చివరిగా సీమంతం. ముత్తయిదువులకు బొట్టు పెట్టండి, పసుపు రాయండి, గాజులు తొడిగించుకోండి, తాంబూలాలు మీ చేత్తోనే ఇవ్వండి. మీకు పెట్టే చలిమిడిలో ముక్క విరిచి పక్కావిడకు పెట్టినా ఏమీ కాదు. గాజు పగిలి మీ చెయ్యి కోసుకుంటే మాత్రం ఆ గాజు ముక్కను వేరేవాళ్లు చేత్తో తీయకుండా చూడండి. ఏడో నెలంటే 28వ వారం కూడా ఆ చుట్టుపక్కలే వస్తుంది. ముహూర్తం పెట్టించే ముందు వైరల్ లోడ్ రిపోర్టు చేతికొచ్చిందో లేదో చూసుకోండి, మాత్రలు మొదలుపెట్టాల్సి వస్తే అదే వారంలో మొదలవ్వాలి.